ఎడమ చేతి లెక్క

మా కొట్టుకి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ముందు నా కాళ్ళ వంక చూసి, ఆ తర్వాత మొహం వంక చూస్తున్నారు. రెండు కాళ్ళూ ఉన్నాయని తేలాక కుశలం అడుగుతారు. తెనాలి బజార్లో ఒక మాట బయల్దేరితే మనిషి కంటే ముందే ఊరు చుట్టి వస్తుంది. నాకు కాలు తీసేశారని కొందరు, రైల్లోంచి పడ్డానని కొందరు, ఏదో మింగానని ఒకరిద్దరు అనుకున్నారట. అసలు జరిగిందేమిటో నేనే రాసుకుంటే నయమనిపించింది. ఇంకో కారణం కూడా ఉంది. నాలాగే షుగరుండి, నాలాగే ఎవర్నీ తొందరగా నమ్మనివాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్ళు డాక్టర్ల మాట చెవిన పెట్టరు. ఒక బెల్లం కొట్టు గుమస్తా మాటైనా వింటారేమోనని ఆశ.

నా పేరు కోటేశ్వరరావు. ఉండేది అంగలకుదురు, పని తెనాలిలో ఒక టోకు బెల్లం కొట్టులో. చదువు పదో తరగతి దగ్గర ఆగింది గానీ లెక్క ఆగలేదు. తూకం, తరుగు, ధర అన్నీ నోటితోనే కడతాను. ఎదుటివాడు ఫోన్లో నొక్కి చూసేలోపల చెప్పేస్తాను. ఒకరు కట్టిన లెక్కని మళ్ళీ నేను కట్టి చూడకుండా ఒప్పుకున్నది లేదు. ఈ గుణం వల్ల మా కొట్టు చాలాసార్లు మునక్కుండా బయటపడింది. అందుకని ఇదెప్పుడూ నన్ను ముంచదనే అనుకున్నాను.

మా నాన్నకీ ఇదే జబ్బు. కాలి వేలితో మొదలై మోకాలి కిందిదాకా తీసేశారు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేడు. ఉన్నన్నాళ్ళూ మంచం మీద పడుకుని, లేని పాదం దురద పెడుతోందిరా, గోకరా అనేవాడు. నేను దుప్పటి గోకేవాణ్ణి. కొంచెం కిందికి అనేవాడు. ఇంకొంచెం కిందికి గోకేవాణ్ణి. నాకు చావంటే ఏమంత భయం లేదు. ఆ దుప్పటంటే ఉంది.

ఎండాకాలం మొదట్లో, తెనాలి

మా కొట్టులోకి ఎవరూ చెప్పులతో రారు, గడప బయటే వదిలేస్తారు. సరుకంటే లక్ష్మి, ఆవిడున్న చోట చెప్పుకాళ్ళతో తిరగకూడదని మా షావుకారుగారి తాతగారి కాలం నించీ ఉన్న పద్ధతి. గిడ్డంగిలో కూడా అంతే. బస్తాలు మోసే ముఠావాళ్ళు, కొనడానికొచ్చినవాళ్ళు, షావుకారుగారు, నేను, అందరం ఉత్తకాళ్ళతోనే ఉంటాం.

ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి వంటింట్లోకి నడుస్తుంటే మా ఆవిడ నాగమణి, "ఏంటండీ, కాళ్ళకి పారాణి పెట్టించుకొచ్చారు?" అంది. వెనక్కి తిరిగి చూస్తే గచ్చు మీద ఒక కాలి అడుగులన్నీ ఎర్రగా పడి ఉన్నాయి. కూర్చుని కుడి పాదం తిప్పి చూసుకున్నాను. బొటనవేలి కింద మెత్తటి చోట విరిగిన మేకు ముక్క దిగి ఉంది. గిడ్డంగిలో ఎప్పుడు దిగిందో తెలీదు. దాంతోనే అంగలకుదురు దాకా బండి తోలుకొచ్చాను. నెత్తురు చూసి అంత కంగారు పడలేదు. ఇంత లోతుకి దిగినా నొప్పి లేదేంటా అని మాత్రం భయపడ్డాను. మా నాన్నకి కూడా మొదట్లో నొప్పి ఉండేది కాదు.

దుగ్గిరాల నించి వచ్చిన మంచి పసుపు ఇంట్లో ఉంది. నాగమణి దాన్ని నూనెలో కలిపి కట్టింది. కొన్నాళ్ళకి పైన పసుపు, కింద చీము. అప్పుడు ఆస్పత్రికి వెళ్ళాం.

ఆస్పత్రి పేరు ఇక్కడ అనవసరం. కింద మందుల షాపు, దాని పక్కన లాబు, పైన డాక్టరమ్మ, మూడింటికీ ఒకటే మెట్లు. మా వ్యాపారంలో తూకం వేసేవాడు, ధర కట్టేవాడు, కొనేవాడు ఒకే ఇంటివాళ్ళయితే రైతు జాగ్రత్త పడతాడు. నేనూ అలాగే జాగ్రత్త పడి కూర్చున్నాను. బెంచీ మీద నా పక్కన కొలకలూరు నించి వచ్చిన పెద్దాయన ఉన్నాడు. పాదానికి తెల్లటి కట్టు. ఒక వేలు తీస్తామన్నారు, ఒక్క వేలుతో పోతుంది గదా అని ఒప్పుకున్నా బాబూ అన్నాడు, ఏదో పాత సైకిలు అమ్మేసినట్టు. మా నాన్న కూడా ఒక్క వేలుకే ఒప్పుకున్నాడు. ఆ సంగతి ఆయనతో అనలేదు.

డాక్టరమ్మ పుండు శుభ్రం చేసి కట్టు కట్టింది. ఇన్సులిన్ సూదిమందు పొద్దునా సాయంత్రం వేసుకోమని, ఎంత వేసుకోవాలో చెప్పింది. షుగరు అదుపులో ఉంటే పుండు మానుతుంది, లేకపోతే వేలు, ఆపైన... అని అక్కడ ఆగింది. తర్వాత చాలా చెప్పింది. ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా నడవద్దు. రోజూ పాదాలు సబ్బుతో కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడిచి, కింద అద్దం పెట్టి చూసుకోండి. పరీక్షకి ముందు చేతులు కడుక్కోండి. వేళకి తినండి, సూది వేసుకుని తిండి మానొద్దు. "మొహం చూసుకోకుండా ఇంట్లోంచి బయటికి రారు కదండీ. పాదం కూడా అలాగే. ఎవరో చూస్తారని వదిలెయ్యకండి" అంది.

నేను తలూపాను. వీటిలో ఒక్కదానికీ డబ్బు పుచ్చుకోవడం లేదు కాబట్టి వీటిలో సరుకు లేదనుకున్నాను. ఉత్తపుణ్యానికి ఇచ్చే బెల్లంలో ఇసకుంటుందని మాకు తెలుసు.

ఇంట్లో చూసుకునే షుగరు మిషను కొనుక్కోమంది. అదొక్కటి మాత్రం నాకు నచ్చింది. నా నెత్తురు, నా చెయ్యి, నా కళ్ళ ముందు అంకె. మధ్యలో ఇంకో మనిషి లేడు. కింద షాపులో అమ్మినతను ఎలా వాడాలో చూపిస్తూ, వేలు పొడిగా ఉండాలండీ, తడుంటే నెత్తురు పల్చబడి లెక్క తప్పొస్తుంది అన్నాడు. ఆ మాట లెక్కకి సంబంధించింది కాబట్టి నా బుర్రలో గట్టిగా నిలబడిపోయింది.

ఎండలు ముదిరాక

పొద్దున్నే స్నానం చేసి ఇంట్లో చూసుకుంటే అంకె బుద్ధిగా ఉండేది. నూట ఇరవై, నూట ముప్పై. మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకి కొట్లో చూసుకుంటే మూడొందలు దాటేది. ఒకరోజు కాదు, కొట్టు తెరిచిన ప్రతిరోజూ.

కొట్లో నా పని సరుకు చూడ్డం. బండి రాగానే దిమ్మ అంచు విరిచి, ఆ పలుకుని ఎడమ చేతి వేళ్ళ మధ్య నలుపుతాను. ఇసకుందా, పాకం ముదిరిందా, సోడా ఎక్కువేశారా అనేది వేళ్ళకి తెలిసిపోతుంది. కుడిచేత్తో నలిపితే ధర రాసే కలానికి జిగురంటుతుంది. అందుకని నలుపుడంతా ఎడమ చేత్తోనే. పన్నెండింటికి క్యారేజీ విప్పి, కుడిచెయ్యి కడుక్కుని, తిని, మళ్ళీ కుడిచెయ్యి కడుక్కుంటాను. అందరం అంతే కదా. కుడిచేతి వేళ్ళకి పోట్లు పడితే అన్నం కలుపుకునేటప్పుడు కారం మండుతుందని ఎడమ చేతి వేలికే సూది గుచ్చేవాణ్ణి. నీళ్ళు తగలకూడదు కాబట్టి స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచేవాణ్ణి. అంతకంటే శుభ్రం ఏముంటుంది?

ఇంట్లో మంచి అంకె, క్యారేజీ తిన్నాక చెడ్డ అంకె. దీనికి లెక్క కట్టడం కష్టమేం కాదు. మా ఇళ్ళలో పప్పుచారులోకి, దప్పళంలోకి చిటికెడు బెల్లం పడందే వంట పూర్తయినట్టు కాదు. నాగమణి చెయ్యి దానికి అలవాటు పడిపోయిన చెయ్యి. ఒకరోజు అడిగాను. మానేశానంది. మర్నాడు మళ్ళీ అడిగాను.

"మీ నాలిక్కి తీపి తగిలిందా?" అంది.

"తగల్లేదు. అదే నా అనుమానం."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. తర్వాతి రోజు క్యారేజీలో ఉడికించిన సొరకాయ ముక్కలు, అన్నం, మజ్జిగ ఉన్నాయి. వేటిలోనూ ఉప్పు కూడా లేదు. సాయంత్రం అడిగితే, రేపు ఉప్పు మీద కూడా అనుమానం రావచ్చు కదండీ అంది. ఆ చప్పిడి తిండి తిన్నాక కూడా మిషను మూడొందల ఇరవై చూపించింది. అప్పుడైనా ఆవిడ మీద అనుమానం పోవాల్సింది. పోలేదు. అన్నంలో కలిపి వండుతోందేమోనని కొట్టు పక్క హోటల్లో ఇడ్లీ తిని చూశాను. అంకె అలాగే ఉంది. అప్పుడు అనుమానం నాగమణి మీంచి లేచి సూదిమందు మీద వాలింది. ఆ మందు చల్లగా ఉండాలి. ఎండాకాలం, కరెంటు కోతలు, షాపువాడి ఫ్రిజ్జు ఎన్ని గంటలు ఆగిందో ఎవడికెరుక? ఇంకో షాపులో కొన్నాను. ఏమీ మారలేదు.

వానలు పడేవేళకి డాక్టరమ్మ మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేయించింది. కాగితం చూసి, సగటు బావుందండీ, పుండు కూడా పూడుకొస్తోంది, ఇలాగే కానివ్వండి అంది. నేను నోటితో లెక్క కట్టాను. రోజులో సగం మూడొందల పైన ఉన్న మనిషికి ఆ సగటు ఏ లెక్కనా రాదు. రాదంటే రాదు. ఇప్పటికీ చెప్తాను, ఆ లెక్కలో తప్పు లేదు. అంటే లాబు కాగితం అబద్ధం. మందు పనిచేస్తోందని చూపించి అదే మందు అమ్ముకుంటున్నారు. పుండు పైకి మాత్రమే పూడుతోంది, లోపల చీము అలాగే ఉంది. మా నాన్నకి పైన తోలు బాగానే ఉండేది.

నా అంకెలు డాక్టరమ్మకి చెప్పి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. చెప్పలేదు. బేరంలో ముందు ధర చెప్పినవాడు నష్టపోతాడు. నా అంకెలు ముందే బయటపెడితే వాళ్ళ అంకెలు వాటికి తగ్గట్టు సర్దుకుంటాయనుకున్నాను. ఇంటికొచ్చి మందు నేనే పెంచుకున్నాను. ఎంత మందుకి ఎంత షుగరు దిగుతుందో నాకో లెక్క తయారైంది. దాని ప్రకారం మధ్యాహ్నం కొట్లో కూడా కొంచెం, ఆ తర్వాత ఇంకొంచెం. సాయంత్రాలు చెమటలు పట్టేవి, చేతులు వణికేవి, ఊరికే కోపం ముంచుకొచ్చేది. అదంతా షుగరు పెరగడమే అనుకుని మర్నాడు మరికాస్త వేసుకునేవాణ్ణి. కాలు కాపాడుకుంటున్నాననే ధైర్యంతో చేశాను ఇదంతా.

శ్రావణం, రేపల్లె

మా బావమరిది బసవయ్యది రేపల్లె. వాళ్ళమ్మాయి నిశ్చితార్థానికి నాగమణి ముందే వెళ్ళింది. నేను శుక్రవారం కొట్టు చూసుకుని మధ్యాహ్నం రైలుకి వస్తానన్నాను. ఆ రోజు సరుకు ఎక్కువ దిగింది. బయల్దేరే ముందు చూసుకుంటే మూడొందల ఎనభై ఆరు. పెళ్ళివారింట్లో ఎటూ తీపి పెడతారు, ముందే జాగ్రత్త పడాలని గట్టిగానే వేసుకున్నాను. తింటే ఇంకా పెరుగుతుందని భోజనం మానేశాను. ఆ రెండూ కలిపి చెయ్యొద్దని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. డబ్బు పుచ్చుకోకుండా చెప్పింది.

వేమూరు దాటాక కిటికీ బయట పొలాలు రెండేసి కనపడ్డం మొదలైంది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఎదురుగా రేపల్లె వెళ్ళే ఒకావిడ కూర్చుని ఉంది, యాభై దాటిన మనిషి, ఒళ్ళో గుడి ప్రసాదం సంచీ. ఏంటన్నయ్యా, షుగరుందా అని అడిగింది. నీకెందుకన్నాను. ఆవిడ సంచీలోంచి పటికబెల్లం పలుకు తీసి నా మొహం దగ్గర పెట్టింది. రైళ్ళలో మత్తుమందు కలిపినవి పెట్టి జేబులు ఖాళీ చేస్తారని ఎన్నిసార్లు వినలేదు? నేను జేబు మీద చెయ్యి పెట్టుకుని నోరు బిగించాను.

"నీ జేబులో ఏముందో నాకక్కర్లేదు. మా ఆయనకీ ఇట్టాగే వచ్చిద్ది. నోరు తెరువు" అంది.

నేను ఆవిణ్ణి ఏదో తిట్టానట. అది నాకు గుర్తులేదు. ఆవిడ నా దవడలు పట్టుకుని పలుకు నోట్లోకి తోసింది, ఇంకోటి తోసింది. అవతల సీటులోవాళ్ళు వచ్చి పట్టుకున్నారు. నా ఫోన్లో చివరగా మాట్లాడిన నంబరుకి ఆవిడే చేసింది. అది నాగమణి నంబరు. రేపల్లె స్టేషన్లో బసవయ్యా, నాగమణీ వచ్చి నన్ను దించుకునే దాకా ఆవిడ కదల్లేదట. తర్వాత ప్రసాదం సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. పేరు అడగాలని ఎవరికీ తోచలేదు.

కళ్ళు తెరిచేసరికి ఆస్పత్రి మంచం. ఎడమ చేతికి గ్లూకోజు సెలైన్. షుగరు బాగా పడిపోయిందని, రాగానే చూస్తే యాభై కూడా లేదని నర్సమ్మ చెప్పింది. నేను నమ్మలేదు. మధ్యాహ్నం మూడొందల ఎనభై ఆరున్న మనిషికి యాభై ఏంటి? నా సంచీలో మిషనుంది, దాంతో చూడమన్నాను. నాగమణి తీసిచ్చింది. సెలైన్ లేని కుడిచేతి వేలికి గుచ్చి వాళ్ళ మిషనుతో ఒకసారి, నా మిషనుతో ఒకసారి చూశారు. అప్పటికి సెలైన్‌తో కాస్త పైకొచ్చింది. రెండు మిషన్లూ ఇంచుమించు ఒకటే చెప్పాయి.

ఆ ఊరి డాక్టరు కుర్ర వయసువాడు. ఎంత మందు వేసుకున్నారని అడిగాడు. చెప్పాను. ఎందుకని అడిగాడు. కాలు పోతుందేమోనని అన్నాను. "ఇంకో అరగంటయితే కాలు గురించి దిగులుపడే పనుండేది కాదండీ" అన్నాడు.

ఆయన వెళ్ళాక నాగమణి మంచం పక్కన కూర్చుంది. నిశ్చితార్థానికి కట్టుకున్న చీరలోనే ఉంది. అక్షింతలు ఇంకా జుట్టులో ఉన్నాయి. తర్వాత నెమ్మదిగా అంది: "నా వంట మీద అనుమానం. లాబు మీద అనుమానం. మందు మీద, షాపు మీద అనుమానం. మీ మీద మీకెప్పుడూ రాదా అండీ?"

నేను మిషను తీసుకుని పాత అంకెలు ఒక్కొక్కటే వెనక్కి నొక్కి చూసుకున్నాను.

భాద్రపదం, బాపట్ల

రేపల్లె స్టేషన్లో నన్ను దించేటప్పుడు కుడికాలి చెప్పు ఎక్కడో పడిపోయింది. పూడుకొస్తున్న పుండు రాళ్ళ మీద మళ్ళీ చిట్లింది. అంగలకుదురు వెళ్తే నేను కొట్టు మొహం చూడకుండా ఉండలేనని అందరికీ తెలుసు. అందుకని నాగమణి నన్ను బాపట్ల తీసుకెళ్ళింది. అక్కడ సామ్రాజ్యమని మా అక్క ఉంది. బావ పోయాక ఒంటరిగా ఉంటుంది, నోరు పెద్దది. "ఒరే కోటీ, నువ్వు ఈ మంచం దిగావంటే నేనే ఆ కాలు తీసేస్తా" అని మొదటి పూటే చెప్పింది.

సూదిమందు నాగమణి దాచేసింది. తెనాలి డాక్టరమ్మకి ఫోన్ చేసి, ఎంత వెయ్యమంటే అంత తనే వేసేది. నన్ను అడిగేది కాదు. ఇద్దరాడవాళ్ళూ వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే నా గురించేనని చెవులు రిక్కించేవాణ్ణి. సగం సార్లు చింతపండు గురించి మాట్లాడుకునేవాళ్ళు.

విచిత్రమేమిటంటే అక్కడ అంకెలు నిలబడ్డాయి. పొద్దున నూట ఇరవై, భోజనమయ్యాక నూట అరవై. అక్క పప్పుచారులో బెల్లం వేస్తూనే ఉంది, నేను రుచి పట్టాను. మందు తగ్గింది, తీపి పెరిగింది, అంకె దిగింది. ఏ లెక్కకీ అందని సంగతి. ఇక్కడి నీళ్ళేమో అనుకున్నాను. మిషన్లో పెట్టే కొత్త స్ట్రిప్పులు పాడయ్యాయేమో అనుకున్నాను. నాగమణి మిషనుకి ఏదైనా చేసిందా అని కూడా ఒక పూట అనుకున్నాను. బాగుంటే సంతోషించొచ్చు కదండీ అంది. నాకు అది చేతకాదు.

ఒక మధ్యాహ్నం అక్క సూర్యలంక వైపు నించి వచ్చిన తాటిబెల్లం కొంది. ఇందులో మామూలు బెల్లం కలిపారేమో చూడరా, నీకు తెలుసుగా అని ఒక ముక్క తెచ్చి ఇచ్చింది. నేను అంచు విరిచి ఎడమ చేతి వేళ్ళ మధ్య నలిపాను. ప్రాణం లేచొచ్చింది. కలిపారని చెప్పాను. అక్క అమ్మినవాణ్ణి తిట్టుకుంటూ వెళ్ళింది. కాసేపటికి పరీక్ష వేళయింది. తువాలుతో చెయ్యి తుడుచుకుని, దూదితో తుడిచి, అలవాటు ప్రకారం ఎడమ వేలికి గుచ్చాను.

నాలుగొందల రెండు.

అన్నం తిని రెండు గంటలు. ముక్క నోట్లో కూడా వేసుకోలేదు. నాగమణీ అని పిలిచాను. ఆవిడ అంకె చూసి తెల్లబోయింది. సూదిమందు కోసం లేవబోయింది. ఆగమన్నాను. రేపల్లెలో కుడిచెయ్యి గుచ్చారు, అదెందుకో అప్పుడు మనసులో మెదిలింది. కుడివేలికి గుచ్చాను. నూట ముప్పై నాలుగు.

రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. మనిషిలో రెండు రక్తాలు ఉండవు. చేతులు మాత్రం రెండు. సబ్బు, నీళ్ళు తెమ్మన్నాను. ఎడమ చెయ్యి మోచేతిదాకా కడుక్కున్నాను, పొడిగుడ్డతో వేలు వేలూ తుడుచుకున్నాను, అదే చేతి ఇంకో వేలికి గుచ్చాను. నూట ముప్పై ఒకటి.

అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఏంట్రా, చేతబడి చేస్తున్నావా అంది. నాగమణికి మాత్రం అర్థమైపోయింది. నా ఎడమ చెయ్యి పట్టుకుని వాసన చూసింది. అన్నాళ్ళ తర్వాత మొదటిసారి నవ్వింది, కళ్ళనీళ్ళు వస్తున్నాయి.

"అయితే మీరు ఇన్నాళ్ళూ కొట్లో బెల్లానికి సూదిమందు వేసుకున్నారన్నమాట" అంది.

స్పిరిట్ దూది తుడిస్తే బెల్లం జిగురు పోదు. చర్మం గీతల్లో ఉండిపోతుంది. గుచ్చినప్పుడు వచ్చే బొట్టులో అది కలిస్తే మిషను దాన్నీ లెక్కపెడుతుంది. మిషను అబద్ధమాడలేదు, లాబూ అబద్ధమాడలేదు. పొద్దున్న స్నానం చేసిన చేతికి సరైన లెక్క, కొట్లో చేతికి బెల్లం లెక్క. మధ్యలో మరో మనిషి లేడని సంబరపడ్డాను. అక్కడున్న ఒకే ఒక్క మనిషిని, అంటే నన్ను, నేను తనిఖీ చెయ్యలేదు.

కార్తీకం, మళ్ళీ తెనాలి

డాక్టరమ్మకి మొత్తం చెప్పాను, ఈసారి అంకెలు ముందుపెట్టి. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గోడ పక్క కుళాయి చూపించి, ఎలా కడుక్కుంటారో నాకు చూపించండి అంది. ఇంత వయసొచ్చి ఆవిడ ముందు చిన్నపిల్లాడిలా రెండు చేతులూ కడిగి చూపించాను. వేళ్ళు పొడిగా తుడుచుకున్నారు చూశారా, అదీ లెక్కే అంది. తర్వాత కాలు చూసింది. పుండు మళ్ళీ పూడుతోంది, ఎముక దాకా పోలేదు, వేలుకి ఏం కాదు అంది. నిజంగానా అని రెండుసార్లు అడిగాను. రెండోసారి కాస్త విసుక్కుంది.

కొట్లో చెప్పుల సంగతి ఒకటి మిగిలింది. షావుకారుగారితో చెప్పాను: ఉత్తకాళ్ళతో అయితే నేను రాలేనండీ. ఆయన గోడ మీది లక్ష్మీదేవి పటం వంక చూశాడు. నేనూ అక్కడే నిలబడ్డాను. ముఠావాళ్ళు బస్తాలు దించి మళ్ళీ ఖాళీ చేతులతో బయటికి వెళ్ళారు. చివరికి ఆయన, "బయట మట్టి తొక్కని చెప్పులు చెప్పులెలా అవుతాయిలే, కొత్తవి కొని లోపలే పెట్టుకో" అన్నాడు. అలా లోపలి చెప్పులొక జత వచ్చాయి. కొందరు ముఠావాళ్ళు ఇంకా వాటిని వింతగా చూస్తారు. షావుకారుగారు మాత్రం ఒక మధ్యాహ్నం, అవి ఏ షాపులో కొన్నావు కోటేశ్వరరావూ అని అడిగాడు. ఆయనకీ షుగరే.

ఇప్పుడు పొద్దున్నే పని ఒక వరసలో జరుగుతుంది. పళ్ళు తోముకోవడం ఎంతో, ఇదీ అంతే. చేతులు సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, పరీక్ష. కొట్లో అయితే ముందు రెండు చేతులూ కడుక్కుంటాను, అందరూ చూస్తుండగా, ఎడమ చెయ్యి ఇంకొంచెం ఎక్కువసేపు. వేళకి తిండి. డాక్టరమ్మ చెప్పినంతే మందు. తర్వాత వరండాలో పీట వేసుకుని పాదాలు. కడగడం, తుడవడం, అద్దంలో చూడ్డం. ఇందులో కష్టమైందేమీ లేదు. ఏమీ కనపడని రోజున కూడా చూడాలి, అదొక్కటే విసుగు. ఆ విసుగుకి నేనో ఉపాయం పెట్టుకున్నాను. నా అనుమానాన్ని వదిలించుకోవడం నావల్ల కాదు. దాన్ని పొద్దున్నే నా కాళ్ళ మీదికి తోలుతున్నాను. నిన్న బాగున్న కాలు ఈరోజు బాగుందని ఎవడు చెప్పాడు? ఇదే ప్రశ్న ఇదివరకు నాగమణి వంట మీద వేసేవాణ్ణి.

పోయిన సోమవారం అలాగే చూసుకుని, అద్దం పక్కన పెట్టి, చెప్పులేసుకోబోతున్నాను. నాగమణి తులసికోట దగ్గర దీపం పెట్టి వస్తూ ఆగింది.

"ఏమైనా ఉందా?"

"ఏం లేదు."

"చాపండి."

"చూశానంటున్నాగా."

"చాపండి" అంది మళ్ళీ. లోపలికి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని మెట్టు మీద కూర్చుంది. చాపాను. ఒక్కో వేలూ విడదీసి చూసింది, పేలు చూసినట్టు. చిటికెన వేలి పక్క సందులో ఆగింది. అక్కడ కొంచెం తెల్లగా నానినట్టు ఉంది.

"తడిలే" అన్నాను.

"తడైతే తుడిస్తే పోవాలి కదండీ" అని కొంగుతో తుడిచింది. పోలేదు.

అది వేళ్ళ సందుల్లో పట్టే పాచిలాంటిదేనని, చిట్లకముందే చూశారు కాబట్టి పూతమందుతో పోతుందని తర్వాత తేలింది. అప్పటికి అదేం తెలీదు. మా నాన్న వేలు ఎలా మొదలైందో నేనెప్పుడూ చూడలేదు. ఎవరూ చూడలేదు. నేను గబగబా చొక్కా తొడుక్కుని బండి తాళాలు తీసుకున్నాను. నాగమణి కూడా తలుపు దగ్గరికి వేసి చెప్పులేసుకుంటోంది. ఆస్పత్రి ఎంత దూరమని, నేనొక్కణ్ణే వెళ్ళి చూపించుకుని వస్తానన్నాను.

బండి వెనక సర్దుకుని కూర్చుంది.

"డాక్టరమ్మ ఏం చెప్పిందో మీరొచ్చి చెప్తే నేను నమ్ముతాననుకున్నారా?" అంది.